నాన్నది మతిమరుపా, కుంగుబాటా? అన్నయ్య జన్యు పరీక్షతో ఇంట్లో రగడ

టంగుటూరు ఆడపడుచు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇంట్లో ముగ్గురు మూడు మాటలు అంటుంటే దిక్కు తోచక రాస్తున్నాను.

మా నాన్నకు డెబ్బై దాటాయి. టంగుటూరు దగ్గర పల్లెలో ఉంటారు, నేను ఒంగోలులో. నిరుడు అమ్మ పోయినప్పటి నుంచి మనిషి మారిపోయారు. ఆయన పొగాకు రైతు. ఆకును రెండు వేళ్ల మధ్య నలిపి చూసి గ్రేడు చెప్పేవారు. వేలంలో ఏ బేలు ఎంతకు పోయిందో మరుసటి ఏడాది అడిగినా తడుముకోకుండా చెప్పేవారు. అలాంటిది మొన్న కౌలు డబ్బు ఎవరు తెచ్చి ఇచ్చారని అడిగితే "ఏమోనమ్మా, నాకు తెలియదు, నన్ను అడగవద్దు" అని అటు తిరిగి పడుకున్నారు. తెల్లవారుజామున మూడింటికే లేచి వసారాలో కూర్చుంటున్నారు. కాఫీ ఇస్తే పైన మీగడ కట్టేదాకా గ్లాసు చేతిలోనే ఉంటుంది. నడుము నొప్పి, కడుపులో మంట అంటారు. పరీక్షల్లో ఏమీ తేలలేదు. "నా బుర్ర పోయింది" అని తానే రోజూ అంటున్నారు.

అన్నయ్య అమెరికాలో ఉన్నాడు. ఉమ్మి పంపితే చేసే జన్యు పరీక్ష చేయించుకున్నాడు. ఏపీఓఈ అనే జన్యువులో ఈ3, ఈ4 అని వచ్చిందట, ఈ4 రకం ఉంటే అల్జీమర్స్ ముప్పు ఎక్కువట. మా అమ్మమ్మ చివరి రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టలేదు. ఈ రెండూ కలిపి అన్నయ్య తేల్చేశాడు: నాన్నకు అల్జీమర్సే, ఆయనకూ ఆ పరీక్ష చేయించు, పొలం కాగితాలు ఇప్పుడే సర్దేయాలి అని. బాబాయి మాత్రం "ఇల్లాలు పోయిన ముసలాయన దిగులు పడక ఏం చేస్తాడు, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది" అంటున్నారు. మెదడు స్కాన్ తీయిస్తే ఏదో ఒకటి తేలిపోతుందా?

పెన్న గట్టు | సోమవారం, రాత్రి 10:15

అమ్మాయీ, నాకూ నీ తండ్రి వయసే. ఈ వయసులో పేర్లు మరిచిపోతాం, నిద్ర పట్టదు, అన్నం సయించదు. దానికి ఈ3లు, ఈ4లు ఎందుకు? ఇంటికి తెచ్చుకుని దగ్గర పెట్టుకో. వేళకు అన్నం పెట్టి ఇంత మాట్లాడితే చాలు. మా కాలంలో ఇలాంటి వాటికి ఆస్పత్రులకు పోయినవాళ్లు లేరు.

కావలి కోడలు | సోమవారం, రాత్రి 10:32

పెద్దాయన గారూ, మీ కాలంలోనూ ఈ జబ్బు ఉంది. "ఆయనకు చాదస్తం పట్టింది" అని వసారాలో మంచం వేసి వదిలేసేవాళ్లు, అంతే తేడా.

అక్కా, మా అత్తగారి సంగతి రేపు వివరంగా రాస్తాను. ఈలోపు ఒక్కటి చూడండి. నాన్నగారు మందుల షాపులో నిద్రమాత్రలు కొని వేసుకుంటున్నారేమో దిండు కింద, చొక్కా జేబులో వెతకండి.

తెల్లకోటు | మంగళవారం, ఉదయం 6:50

నెల్లూరులో మానసిక వైద్యంలో పనిచేస్తున్నాను. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పను, చెప్పకూడదు. కానీ రాసిన వివరాల్లో గమనించవలసినవి ఉన్నాయి.

నాకు ముందుగా కనబడింది "నాకు తెలియదు, నన్ను అడగవద్దు" అన్న జవాబు. అల్జీమర్స్ మొదలైనవాళ్లు తరచుగా అలా అనరు. తప్పో ఒప్పో ఏదో ఒకటి చెబుతారు, తడబడితే నవ్వి మాట మారుస్తారు. మతిమరుపు వచ్చిందని ఇంట్లోవాళ్లు మొత్తుకుంటారే తప్ప వాళ్లు ఒప్పుకోరు. కుంగుబాటులో ఉన్నవాళ్ల తీరు దీనికి తలకిందులు. ప్రయత్నమే చేయకుండా చేతులెత్తేస్తారు, బుర్ర పోయిందని వాళ్లే ఫిర్యాదు చేస్తారు. ఇదొక్కటే చూసి తేల్చలేం గానీ, మూడింటికి మెలకువ, ఆకలి లేకపోవడం, పరీక్షలకు అందని నొప్పులు, అమ్మగారి మరణం, అన్నీ కలిపి చూస్తే ముందు అనుమానించవలసింది డిప్రెషన్‌నే. 60 దాటాక వచ్చే డిప్రెషన్‌లో ఏడుపు కంటే ఒంటి బాధలే ముందు బయటపడతాయి. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది అప్పటికే కడుపు డాక్టరునో ఎముకల డాక్టరునో చూసి వచ్చినవాళ్లే.

మరి దిగులుకూ జ్ఞాపకానికీ సంబంధం ఏమిటంటే, మెదడులో ఏ పనీ ఒక్క చోట జరగదు. దూరదూరంగా ఉన్న భాగాలు జట్లుగా పనిచేస్తాయి. మనిషి కదలకుండా ఊరికే పడుకున్నప్పుడు కూడా ఒకే జట్టులోని భాగాలు ఒకే లయలో హెచ్చుతగ్గులు చూపిస్తాయని 1995లో భరత్ బిశ్వాల్ అనే భారత సంతతి శాస్త్రవేత్త ఎమ్మారై ద్వారా చూపించారు. 2001లో మార్కస్ రైకల్ బృందం మరో సంగతి చెప్పింది: మనం పని ఆపి మనలో మనం ఆలోచించుకునేటప్పుడు చురుగ్గా ఉండే జట్టు ఒకటి ప్రత్యేకంగా ఉంది. పాత జ్ఞాపకాలు, "నా బతుకు ఇలా అయిందే" అనే చింతన, అన్నీ దాని పరిధిలోవే. ఈ జట్టుకు తల వెనుక లోపలి భాగంలో ఒక కూడలి ఉంది. గూడూరు జంక్షన్‌లో సిగ్నల్ పాడైతే విజయవాడ బండీ, చెన్నై బండీ, తిరుపతి బండీ అన్నీ నిలిచిపోతాయి కదా, ఈ కూడలి బలహీనపడితే కూడా దెబ్బ ఒక్క చోట ఆగదు.

పెద్ద వయసు డిప్రెషన్‌లో, లెక్కలు వేయడం, పని వరుసగా చేయడం, మనసు నిలపడం లాంటి పనులు చూసుకునే, మెదడు ముందు భాగంలోని జట్టులో అనుసంధానం తగ్గినట్లు చాలా పరిశోధనల్లో కనబడింది. ఆలోచన నెమ్మదిస్తుంది, విన్నది లోపలికి ఎక్కదు. అసలు ఎక్కనిది తర్వాత గుర్తెలా వస్తుంది? ఇంట్లోవాళ్లకు మతిమరుపుగా కనిపించేది చాలాసార్లు ఇదే. దీనికి బీపీ, షుగరు తోడైతే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని, భాగాలను కలిపే తెల్ల పదార్థంలో మచ్చలు పడతాయి. రక్తనాళాల వల్ల వచ్చే డిప్రెషన్ అనే ప్రతిపాదనను 1997లో జార్జ్ అలెక్సోపౌలోస్ బృందం ముందుకు తెచ్చింది కూడా ఇందుకే.

జన్యువు సంగతి సాయంత్రం రాస్తాను, ఓపీకి వేళయింది. ఒక్క మాట మాత్రం ఆగలేను: పొగాకు రైతు ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటాయి. వాటిని ఈరోజే వేరే చోటికి చేర్చి తాళం వేయండి. "బతకాలని లేదా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక సాయం లైన్ టెలి మానస్ వాళ్లు రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

స్కానింగ్ గది | మంగళవారం, ఉదయం 8:05

నేను ఎమ్మారై టెక్నీషియన్‌ని. ఆడపడుచు గారు అడిగిన స్కాన్ గురించి నాకు తెలిసినంత చెబుతాను.

మన ఊళ్లలో తీసేది మెదడు ఆకారం చూపించే స్కాన్. అందులో మెదడు కుంచించుకుపోవడం, ముఖ్యంగా జ్ఞాపకాలు చూసే హిప్పోక్యాంపస్ తగ్గడం, తెల్ల మచ్చలు, పాత పక్షవాతం జాడలు కనబడతాయి. గడ్డలు కనబడతాయి. పెద్దవాళ్లు ఎప్పుడో జారిపడి తల తగిలించుకుని మరిచిపోతారు, పుర్రె కింద మెల్లగా రక్తం చేరుతుంది. అది మతిమరుపులాగే కనబడుతుంది, ఆపరేషన్ చేస్తే చాలామందికి నయమవుతుంది. డాక్టరు రాస్తే అందుకోసం తీయించండి. పైన డాక్టరుగారు చెప్పిన అనుసంధానం చూసే పద్ధతి వేరు. మనిషిని కదలకుండా పడుకోబెట్టి, మెదడు రక్తంలో ఆక్సిజన్ హెచ్చుతగ్గులను కొన్ని నిమిషాల పాటు వరసగా తీసి కంప్యూటర్‌లో లెక్క కడతారు. అది పరిశోధనల పని. ఇన్ని పదుల మంది రోగుల సగటును ఇన్ని పదుల మంది ఆరోగ్యవంతుల సగటుతో పోలుస్తారు. "మీ నాన్నగారి కూడలి ఇంత బలహీనపడింది" అని ఒక్క మనిషికి రాసిచ్చే రిపోర్టు అందులో లేదు. ఎవరైనా ఇస్తామంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ఆస్టిన్‌లో గూడూరువాడు | మంగళవారం, ఉదయం 9:20

ఆడపడుచు గారి అన్నయ్యను అందరూ విలన్‌ను చేస్తున్నారు. నేనూ ఆ పరీక్ష చేయించుకున్నాను, నాకూ ఒక ఈ4 వచ్చింది. ఆ తర్వాతే సిగరెట్ మానాను, నడక మొదలుపెట్టాను, బీపీ మాత్ర సక్రమంగా వేసుకుంటున్నాను. ముందే తెలుసుకుంటే తప్పేమిటి? దూరాన ఉన్నవాడికి చేతిలో ఉండేది ఆ కాగితం ఒక్కటే. తండ్రి పక్కన కూర్చోలేనివాడి భయం మీకు అర్థం కాదు.

కావలి కోడలు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

అయితే ఆ కాగితం పంపే బదులు రోజూ వీడియో కాల్ చేయమనండి అన్నా.

మా అత్తగారి సంగతి రాస్తానన్నాను. ఆవిడ చేపల పులుసు పెడితే వీధంతా వాసన పట్టేది. మామగారు పోయాక పొయ్యి దగ్గరికే రాలేదు. చింతపండు నానబెట్టి మరిచిపోయేది, స్నానం చేయమంటే కసిరేది. మేమంతా మతి పోయిందనుకున్నాం. చెన్నై తీసుకెళ్తే థైరాయిడ్ బాగా తక్కువగా ఉందని, బి12 కూడా తగ్గిందని తేలింది. పైగా ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర ఏళ్లుగా వాడుతోందట, మాకెవరికీ చెప్పలేదు. దాన్ని ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గించారు, డిప్రెషన్‌కు మందు మొదలుపెట్టారు. మొదట్లో ఏ మార్పూ లేదు. మా ఆయన మందు మాన్పించేస్తానని గొడవ. తర్వాత ఒకరోజు పొద్దున్నే చేపలబ్బాయిని ఆపి, మొప్ప ఎత్తి చూసి "ఇది నిన్నటి చేప, తీసుకుపో" అంది. ఆ రోజు నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు, అది కూడా చెప్పాలి. మనసు బాగుపడింది గానీ మతిమరుపు కొంత మిగిలింది, మెల్లగా పెరుగుతోంది. ఇప్పుడు డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు అనే అంటున్నారు. అయినా ఆ మధ్య మాకు దొరికిన మంచి కాలం మందు ఇచ్చిందే.

లెక్కల మాస్టారు | మంగళవారం, సాయంత్రం 5:30

జన్యువు వదిలి లెక్క మాట్లాడదాం. ఆడపడుచు గారి అన్నయ్య దగ్గర ఉన్నది ఒక ఈ4. పిల్లలకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. మతిమరుపు వచ్చింది అమ్మమ్మకు. అంటే ఆ ఈ4 అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి కొడుక్కు వచ్చిందనుకోవడం తేలిక. నాన్నగారి నుంచి వచ్చే వీలూ లేకపోలేదు. కానీ ఆ రిపోర్టు పట్టుకుని నాన్నగారి జబ్బు పేరు చెప్పడం ఏ లెక్క ప్రకారం కుదిరింది? అది కొడుకు రిపోర్టు, తండ్రిది కాదు.

రెండోది, ఒక ఈ4 ఉంటే ముప్పు "మూడు రెట్లు" అని రాస్తుంటారు, ఆ మాట చూసి బెదిరిపోకండి. దేనికి మూడు రెట్లు అన్నది అడగాలి. మన దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా ఉన్నవాళ్లు నూటికి సుమారు 7.4 అని 2023లో వచ్చిన దేశవ్యాప్త అంచనా. చిన్న అంకెకు మూడు రెట్లు అయినా అందరికీ వస్తుందని అర్థం కాదు.

తెల్లకోటు | మంగళవారం, రాత్రి 10:45

మాస్టారు నా పని సగం చేసేశారు. మిగతా సగం ఇది.

ఏపీఓఈ 19వ క్రోమోజోము మీద ఉంటుంది. మెదడులో కొవ్వును మోసే ప్రొటీన్ తయారీ దాని పని. ఈ2, ఈ3, ఈ4 అని మూడు రకాలు, ఎక్కువమందికి ఈ3 ఉంటుంది. ఈ4కూ అల్జీమర్స్‌కూ ఉన్న లంకె 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో బయటపడింది. ఒక ఈ4 ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు, రెండూ ఈ4 అయితే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు అంటారు. ఈ అంకెలు ఎక్కువగా ఐరోపా సంతతి వాళ్ల మీద కట్టినవి, అన్ని జాతుల్లోనూ ప్రభావం ఒకే తీరుగా లేదు. ఈ4 ఉండీ తొంభై ఏళ్లు తెలివిగా బతికినవాళ్లు ఉన్నారు. ఒక్క ఈ4 కూడా లేకుండా అల్జీమర్స్ వచ్చినవాళ్లూ చాలామంది ఉన్నారు.

జ్ఞాపకశక్తి బాగానే ఉన్న ఈ4 వాళ్లలోనూ హిప్పోక్యాంపస్‌కూ ఆ వెనుక కూడలికీ మధ్య అనుసంధానం కాస్త తగ్గినట్లు స్కాన్ పరిశోధనల్లో కనబడింది, అదీ అల్జీమర్స్‌లో మెదడులో చేరే అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోక ముందే. డిప్రెషన్ దెబ్బ తీసేదీ ఈ చుట్టుపక్కలే. అందుకే రెండూ ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుందన్న ప్రశ్న పుట్టింది. కొన్ని పరిశోధనల్లో రెండూ ఉన్నవాళ్లకు జ్ఞాపకం ఎక్కువ తగ్గింది, కొన్నిటిలో తేడా కనబడలేదు. చాలావాటిలో మనుషుల సంఖ్య తక్కువ. కాబట్టి కుంగుబాటు ఉన్నవారికి ఈ4 కూడా ఉంటే "ఇక అయిపోయింది" అని ఎవరూ అనలేరు.

కావలి కోడలు గారి అత్తగారి విషయం మాత్రం తీసిపారేయదగింది కాదు. బ్రిటన్‌లో పదివేల మందికి పైగా ఉద్యోగులను 28 ఏళ్లు గమనించి 2017లో ప్రచురించిన వైట్‌హాల్ పరిశోధనలో, డిమెన్షియా వచ్చినవాళ్లకు అది బయటపడటానికి సుమారు 11 ఏళ్ల ముందు నుంచే దిగులు లక్షణాలు మిగతావాళ్లకంటే ఎక్కువగా కనబడ్డాయి. నడివయసులో మాత్రమే దిగులు ఉన్నవాళ్లలో ఆ ముప్పు పెరగలేదు. అంటే ముసలితనంలో కొత్తగా వచ్చిన దిగులు కొందరిలో డిమెన్షియాకు తొలి అడుగు కావచ్చు. అందుకే ముందు డిప్రెషన్‌కు వైద్యం చేసి, మనసు తేరుకున్నాక జ్ఞాపకశక్తి పరీక్ష మళ్లీ పెడతాం. ఆ తర్వాత కూడా వదిలేయకుండా చూస్తూ ఉంటాం.

ఆస్టిన్ గారూ, మీకు మేలు జరిగిందంటే సంతోషమే. అల్జీమర్స్‌కు లెకనెమాబ్ లాంటి కొత్త మందు ఇచ్చే ముందు ఈ4 చూడటం అవసరం కూడా, రెండు ఈ4లు ఉన్నవాళ్లకు మెదడులో వాపు, రక్తస్రావం ఎక్కువ. కానీ ఈ పెద్దాయనకు ఇప్పుడు ఇవ్వవలసిన వైద్యం ఆ పరీక్ష ఫలితం వల్ల ఒక్క మాత్ర కూడా మారదు.

ఆస్టిన్‌లో గూడూరువాడు | మంగళవారం, రాత్రి 11:30

మాత్ర మారకపోవచ్చు, మనిషి మారతాడు. నా అభిప్రాయం నాది.

పెన్న గట్టు | బుధవారం, ఉదయం 5:45

మూడింటికి మెలకువ నాకూ వస్తోంది. ఇదంతా చదివి కూర్చున్నాను. డాక్టరుగారూ, ఈ మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలంటారు, మత్తుగా పడి ఉంటారంటారు. నిజమేనా? ఊరికే అడుగుతున్నాను.

తెల్లకోటు | బుధవారం, ఉదయం 7:10

ఊరికే అడిగినా మంచి ప్రశ్నే అడిగారు, పెద్దాయన గారూ. అలవాటుపడి వదలలేకపోయేవి నిద్రమాత్రలు. డిప్రెషన్ మందులు ఆ కోవలోవి కావు, కాకపోతే వాటినీ ఒక్కసారిగా ఆపకూడదు. పెద్దవాళ్లకు తక్కువ మోతాదుతో మొదలుపెడతాం. గుణం కనబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. చాలామంది ఈ మధ్యలోనే మానేస్తారు. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది వాడాలి. రక్తంలో సోడియం తగ్గే ప్రమాదం ఉంది, బీపీకి నీరు తీసే మాత్రలు వాడేవాళ్లలో మరీ ఎక్కువ, అందుకని రక్తపరీక్ష చేయిస్తాం. తిండి పూర్తిగా మానేసినవాళ్లకు, ప్రాణం తీసుకోవాలనుకునేవాళ్లకు కరెంటు చికిత్స బాగా పనిచేస్తుంది. సినిమాల్లో చూపించినట్లు ఉండదు, మత్తు ఇచ్చి చేస్తారు.

డిప్రెషన్ ఉందో లేదో చూడటానికి అవును, కాదు అని చెప్పే 15 ప్రశ్నల పరీక్ష ఉంది. చదువు రాకపోయినా నోటితో చెప్పవచ్చు. మీరు ఒకసారి వచ్చి ఆ ప్రశ్నలకు జవాబు చెప్పి వెళ్లండి. ఊరికే.

లెక్కల మాస్టారు | బుధవారం, ఉదయం 8:30

కాస్త పక్కదారి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో ఒక పరిశోధన వెలువరించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైందట, చదువు రానివాళ్లలోనూ తేడా కనబడిందట. భాషే కారణమని దానితో రుజువు కాలేదు, అది వేరే సంగతి. తెలుగు, అరవం కలిపి మాట్లాడే సూళ్లూరుపేట వాళ్లు సంతోషించవచ్చు.

నిర్వాహకుడు | బుధవారం, ఉదయం 10:00

జ్ఞాపకశక్తి పెంచే పొడి ప్యాకెట్ ప్రకటనను తొలగించాం. పెట్టిన సభ్యుడి ఖాతా ఆపేశాం.

టంగుటూరు ఆడపడుచు | గురువారం, రాత్రి 9:15

ఊరికి వెళ్లి వచ్చాను. నిద్రమాత్రలు నిజంగానే ఉన్నాయి, పొగాకు కొట్టు చిట్టాల పెట్టెలో. పురుగుమందు డబ్బాలు బాబాయి ఇంటికి చేర్చి తాళం వేయించాను. బాబాయి "ఇంత రాద్ధాంతం ఎందుకు" అంటూనే తాళం చెవి జేబులో వేసుకున్నారు. నాన్నను సూటిగా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "మీ అమ్మ ఉంటే అడిగేది ఈ మాట" అన్నారు. ఇంకో రెండు ప్రశ్నలు అడిగాక, చావాలని లేదుగానీ బతికి చేసేదేమీ లేదని చెప్పారు. ఇంకొకటి బయటపడింది. ఆయనకు ఎడమ చెవి అసలు వినబడటం లేదు. ఆ వైపు నుంచి నేను అడిగినప్పుడల్లా "ఏమో, తెలియదు" అనే జవాబు వస్తోంది.

ఒంగోలులోనే మానసిక వైద్యుడి దగ్గర రేపటికి మాట్లాడాను. అన్నయ్య చెన్నై తీసుకెళ్లమంటున్నాడు.

తెల్లకోటు | గురువారం, రాత్రి 10:20

ఒంగోలులో మొదలుపెట్టండి. మొదట్లో కొద్ది వారాలకోసారి చూపించాలి, ప్రతిసారీ చెన్నై దాకా అంటే మధ్యలో మానేస్తారు. "చావాలని లేదు" అన్నంత మాత్రాన తాళం తీయకండి. నిద్రమాత్రలు మీ అంతట మీరు ఆపకండి, ఆ స్ట్రిప్పుతో సహా ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. థైరాయిడ్, బి12, సోడియం, షుగరు పరీక్షలు రాస్తారు. చెవి పరీక్ష కూడా అడగండి. 2024 లాన్సెట్ కమిషన్ నివేదిక మనం మార్చుకోగల 14 కారణాలను సరిచేస్తే డిమెన్షియాలో సుమారు 45 శాతం ఆపవచ్చు లేదా వాయిదా వేయవచ్చని చెప్పింది. అందులో వినికిడి లోపం, డిప్రెషన్, ఒంటరితనం మూడూ ఉన్నాయి. లోపలికి వెళ్లాక కాసేపు నాన్నగారిని డాక్టరుతో ఒంటరిగా వదలండి. కూతురి ముందు చెప్పనివి చెబుతారు.

లెక్కల మాస్టారు | గురువారం, రాత్రి 10:50

పొలం కాగితాల మీద ఆయన ఈ స్థితిలో ఉండగా సంతకం చేయించకండి. కుంగుబాటులో ఉన్నవాళ్లు "నాకెందుకు, మీరే తీసుకోండి" అని రాసిచ్చేస్తారు. తేరుకున్నాక ఆయనే నిర్ణయించుకుంటారు. ఎప్పుడైనా రాసిచ్చినా, తన పోషణ చూడాలన్న షరతు దస్తావేజులో ఉండాలి. అలా ఉంటే, చూడనప్పుడు 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి దాన్ని రద్దు చేయించుకోవచ్చు.

టంగుటూరు ఆడపడుచు | గురువారం, రాత్రి 11:05

ఈ చర్చ అన్నయ్యకు పంపాను. జన్యు పరీక్ష మాట వదిలేశాడు, ఈ4 తనదే గనుక తాను చూసుకుంటాడట. పొలం మాట మాత్రం వదల్లేదు. ఇక దాని మీద మాస్టారితోనే మాట్లాడమని చెప్పాను, ఇక్కడ ఖాతా తెరుస్తాడట.

లెక్కల మాస్టారు | గురువారం, రాత్రి 11:12

రమ్మనండి.